పాత కారు క్లచ్: ఎంపిక, రిపేరుపై తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కారు ఉన్నవాళ్లకు క్లచ్ విషయంలో వచ్చే సందేహాలు దాదాపు ఎప్పుడూ అవే. జారుతోంది, వదలడం లేదు, అదురుతోంది, ప్లేటు (రెండు వైపులా లైనింగ్ ఉండి, ఇంజను చివరి ఫ్లైవీలు చక్రానికి ఆనుకుని తిరిగే బిళ్ల) దొరకడం లేదు. వాటిని పని జరిగే వరసలో ఇక్కడ పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసింది మాత్రమే చదువుకోవచ్చు. ఒక్క మాట ముందే చెప్పాలి. ప్లేటు పాడైందంటే దాన్ని పాడుచేసింది ఏదో ఉంటుంది. ఆ కారణం పట్టుకోకుండా కొత్త ప్లేటు వేస్తే అదీ అదే దారి పడుతుంది.

## లక్షణాలు చూసి తేల్చుకోవడం

క్లచ్ జారుతోందని ఖాయంగా ఎలా తెలుస్తుంది?

ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో గంటకు 40-50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజను మోత పెరిగి కారు వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. చిన్న ఎత్తు ఎక్కేటప్పుడు ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి క్లచ్ వదిలి ఇంజను ఆగుతుందో లేదో చూసే పరీక్ష కూడా ఉంది (ఆగకపోతే జారుతున్నట్టే) కానీ ఒక్కసారికి మించి చేయొద్దు, ఆ కొద్ది క్షణాల్లోనే ప్లేటు విపరీతంగా వేడెక్కుతుంది.

జారుతోందని తేలగానే గేర్‌బాక్స్ దింపే పని పెట్టుకోకండి. ముందు పెడల్‌కు ఫ్రీ ప్లే (క్లచ్ మీద పని మొదలయ్యేలోపు పెడల్ వదులుగా కదిలే దూరం) ఉందో లేదో చూడండి. అది లేకపోతే మీరు కాలు తీసినా రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే ముందుకు జరిగి క్లచ్‌ను వదిలించేది) ప్రెజర్ ప్లేటును (క్లచ్ ప్లేటును ఫ్లైవీలుకు అదిమి ఉంచేదాన్ని) కొంచెం నొక్కి పట్టుకునే ఉంటుంది. రాడ్డు సర్దితే పది నిమిషాల్లో పోయే జబ్బు ఇది.

క్లచ్ పూర్తిగా తొక్కినా గేరు గరగరమంటోంది. ప్లేటు మార్చాల్సిందేనా?

చాలాసార్లు అక్కర్లేదు. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా క్లచ్ తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి, అప్పుడు రివర్స్ వేయండి. మెత్తగా పడితే క్లచ్ బాగానే వదులుతోంది. పాత గేర్‌బాక్సుల్లో చాలావాటికి మొదటి గేరుకు సింక్రోమెష్ (గేరు పళ్ల వేగాలు కలిపి మెత్తగా పడేలా చేసే ఏర్పాటు) ఉండదు, ఆగకుండా వేస్తే గరగరమనడం సహజం.

ఆగినా గరగరమంటే కారు కింద చూడాలి. ఒకరిని పెడల్ తొక్కమని, మీరు ఫోర్కు (రిలీజ్ బేరింగ్‌ను నెట్టే మీట) కొస ఎంత కదులుతోందో గమనించండి. మాన్యువల్ చెప్పినదానికన్నా తక్కువ కదిలితే లోపం బయటే ఉంది: హైడ్రాలిక్స్‌లో (పెడల్ ఒత్తిడిని ద్రవంతో చేరవేసే ఏర్పాటులో) గాలి, పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్‌లో అరిగిన రబ్బరు కప్పు, ఒత్తిడికి ఉబ్బిపోతున్న పాత హోసు, అరిగిన పిన్నులు. ఈ పిన్నుల్ని తక్కువ అంచనా వేయొద్దు. పెడల్ దగ్గర పిన్ను ఊడదీసి చూస్తే మధ్యలో నడుము సన్నబడి, అది దూరే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగి ఉండటం మామూలే. అలాంటి కీళ్లు నాలుగైదు కలిస్తే పెడల్ కదలికలో మంచి భాగం ఆ వదులు తినేస్తుంది.

ఫోర్కు సరిగ్గా కదిలినా క్లచ్ వదలకపోతే అప్పుడు లోపల చూడాలి. స్ప్లైన్ల (ప్లేటు జారే గేర్‌బాక్స్ షాఫ్ట్ గాళ్ల) మీద తుప్పు, పట్టేసిన పైలట్ బుష్ (ఆ షాఫ్ట్ కొసను పట్టి ఉంచే, ఇంజను క్రాంక్ షాఫ్ట్ చివరి బుష్), వంగిన ప్లేటు, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉంటుంది.

శబ్దం వస్తోంది. బేరింగా, గేర్‌బాక్సా?

శబ్దం ఎప్పుడొస్తుందో, ఎప్పుడు ఆగుతుందో గమనిస్తే సగం పని అయినట్టే. న్యూట్రల్‌లో కాలు తీసి ఉన్నప్పుడు వచ్చి, క్లచ్ తొక్కగానే ఆగితే అది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. పెడల్ మీద కొంచెం కాలు మోపగానే మొదలైతే రిలీజ్ బేరింగ్. కారు ఆగి ఉండి, గేరులో పెట్టి, పెడల్ పూర్తిగా తొక్కి ఉంచినప్పుడు మాత్రమే కీచుమంటే పైలట్ బుష్‌ను అనుమానించాలి, ఎందుకంటే క్రాంక్ తిరుగుతూ షాఫ్ట్ ఆగి ఉండేది అప్పుడే.

కారు కదిలేటప్పుడు ఒళ్లంతా అదురుతోంది. కొత్త ప్లేటు వేసినా తగ్గలేదు. ఎందుకు?

అదురుకు కారణం ప్లేటు కాకపోవచ్చు. ముందు ఇంజను మౌంటింగులు చూడండి. పాత రబ్బరు నూనెకు మెత్తబడిపోతే, క్లచ్ పట్టిన క్షణంలో ఇంజను వెనక్కో ముందుకో ఊగుతుంది. ఆ ఊగు లింకేజిని (పెడల్‌ను క్లచ్‌కు కలిపే రాడ్లను) లాగుతుంది, క్లచ్ కొంచెం వదులుతుంది, మళ్లీ పడుతుంది. ఇలా సెకనుకు ఎన్నోసార్లు జరిగేదే మనకు అదురుగా తెలుస్తుంది. వెనక యాక్సిల్‌ను స్ప్రింగులకు పట్టి ఉంచే యూ బోల్టులు వదులైనా, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌ను తిప్పే షాఫ్ట్) జాయింట్లు అరిగినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

ఇవన్నీ బాగుంటే లోపలి కారణాలకు రావాలి: లైనింగ్ మీద నూనె మరక, ప్రెజర్ ప్లేటు లివర్ల (రిలీజ్ బేరింగ్ నొక్కే మీటల) ఎత్తులో తేడా, వేడికి అక్కడక్కడా గట్టిపడిన ఫ్లైవీలు. కొత్త ప్లేటు వేసిన మొదటి రోజుల్లో కొద్దిగా అదిరితే కంగారు పడనక్కర్లేదు.

కొన్నేళ్లు కదలని కారు. క్లచ్ ఫ్లైవీలుకు అతుక్కుపోయింది. విప్పకుండా విడదీయొచ్చా?

విడదీయొచ్చు, ఓపిక కావాలి. ఇంజను బాగా వేడెక్కేదాకా నడిపి ఆపండి. పెడల్ పూర్తిగా నొక్కి, సీటుకూ పెడల్‌కూ మధ్య చెక్క ముక్క బిగించి ఒక రాత్రి వదిలేయండి. చాలా క్లచ్‌లు దీనికే ఊడివస్తాయి.

రాకపోతే ముందు మనుషులు, గోడలు లేని ఖాళీ స్థలంలోకి కారును నెట్టండి. వేడి ఇంజను ఆపి, టాప్ గేరు వేసి, క్లచ్ తొక్కి ఉంచి స్టార్టర్ కొట్టండి. కారు కదిలితే క్లచ్ తొక్కే ఉంచి యాక్సిలరేటర్‌ను ఒకసారి నొక్కుతూ ఒకసారి వదులుతూ పోతే టప్పున విడిపోతుంది. వెనక చక్రాలు స్టాండ్ల మీద లేపి ఇంజను తిప్పుతూ బ్రేకు కొట్టమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. దయచేసి అది చేయకండి. కారు స్టాండ్ల మీంచి దూకితే ప్రాణాల మీదికొస్తుంది.

పాత కారు కొనబోతున్నాను. క్లచ్ వైపు ఏం చూడాలి?

జారడం, గేరు పడటం అందరూ చూస్తారు. మీరు ఇంకోటి చూడండి. ఇంజను ఆపి ఉండగా ఒకరిని క్లచ్ తొక్కి వదలమని, ముందున్న క్రాంక్ పుల్లీని గమనించండి. పుల్లీ కంటికి తెలిసేంతగా ముందుకు వెనక్కు జరిగితే క్రాంక్ థ్రస్ట్ బేరింగ్ అరిగిపోయింది. అది క్లచ్ పని కాదు, ఇంజను పని. బేరం అక్కడే మారిపోతుంది.

## ఏది ఎంచుకోవాలి

నా కారులో ఏ రకం క్లచ్ ఉంటుంది?

కారు వయసును బట్టి చాలావరకు ఊహించవచ్చు. 20వ శతాబ్దం మొదట్లో తోలు తొడిగిన కోన్ క్లచ్‌లు (గరాటు ఆకారపు ముఖాలు ఒకదానిలో ఒకటి ఒదిగేవి) ఎక్కువ. నూనెలో తిరిగే మల్టీ ప్లేట్ క్లచ్‌లు కూడా అప్పుడే ఉన్నాయి. 1908 నుంచి 1927 దాకా తయారైన ఫోర్డ్ మోడల్ టిలో స్టీలు డిస్కులు ఇంజను నూనెలోనే తిరుగుతాయి. హడ్సన్ కంపెనీ నూనెలో నడిచే కార్క్ బిళ్లల క్లచ్‌ను 1950ల దాకా వదల్లేదు. ఫోర్డ్ మోడల్ ఏ మొదట్లో మల్టీ డిస్క్‌తో వచ్చి, 1928 చివర్లో ఒకే పొడి ప్లేటుకు మారింది. మిగతా కంపెనీలు కూడా కొంచెం అటూ ఇటూగా అదే దారి పట్టాయి. ఆ తర్వాత చాలాకాలం కాయిల్ స్ప్రింగుల కవరే (ప్రెజర్ ప్లేటును, దాని స్ప్రింగులను పట్టి ఉంచే మూతే) రాజ్యమేలింది, 1960ల నుంచి పళ్లెం లాంటి ఒకే డయాఫ్రమ్ స్ప్రింగు దాని చోటు తీసుకుంది.

ఏ రకమో తెలియకుండా నూనె గానీ, గ్రీజు గానీ, స్ప్రే గానీ లోపల వేయకండి. నూనెలో నడిచేదానికి నూనె తీసేసినా, పొడిగా నడిచేదానికి నూనె పోసినా నష్టమే.

అసలు ప్లేటు దొరకడం లేదు. వేరే కారు ప్లేటు వేసుకోవచ్చా?

కొలతలు కలిస్తే వేసుకోవచ్చు. పాతకాలంలో కంపెనీలు క్లచ్‌లను బయటి తయారీదారుల దగ్గర కొనేవి కాబట్టి ఒకే ప్లేటు వేర్వేరు కార్లలో కనిపించడం వింతేమీ కాదు. పేరు చూసి కాక కాలిపర్ పట్టుకుని వెతకండి. లైనింగ్ బయటి వ్యాసం, లోపలి వ్యాసం, మొత్తం మందం, స్ప్లైన్ల సంఖ్య, షాఫ్ట్ వ్యాసం, హబ్ (ప్లేటు మధ్య, షాఫ్ట్ దూరే భాగం) ఏ వైపు ఎంత పొడుచుకు వచ్చింది అన్నవి రాసుకోవాలి. చాలామంది హబ్ కొలత దగ్గరే దెబ్బతింటారు. స్ప్లైన్లు చక్కగా దూరాయని సంబరపడి బిగించాక హబ్ వెళ్లి ఫ్లైవీలు బోల్టులకు రాసుకుంటుంది.

ఒకే మోడల్‌లో కూడా తేడాలుంటాయి. మోరిస్ మైనర్‌లో 948 సీసీ ఇంజనుకు 6¼ అంగుళాల ప్లేటు, 1098 సీసీకి 7¼ అంగుళాలది. పాత ప్లేటు చేతిలో పెట్టుకుని కొలిచాకే ఆర్డరివ్వండి.

పాత ప్లేటుకే కొత్త లైనింగ్ వేయిస్తే సరిపోతుందా?

ప్లేటు ఒళ్లు బాగుంటే సరిపోతుంది, అరుదైన కార్లకు నేను మొదట సూచించేది కూడా ఇదే. ఒళ్లు బాగుండటం అంటే నాలుగు విషయాలు. హబ్‌ను ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేస్తే వదులు లేకుండా, అడ్డం లేకుండా జారాలి. హబ్ చుట్టూ స్ప్రింగులుంటే అవి తమ గూళ్లలో గలగలలాడకూడదు. రివెట్ల చుట్టూ పగుళ్లు ఉండకూడదు. ప్లేటును షాఫ్ట్ మీద తిప్పితే అంచు అర మిల్లీమీటరుకు మించి ఊగకూడదు.

రెండు లైనింగుల మధ్య అలలాగా వంచిన పలుచని స్టీలు రేకులుంటే వాటిని చదును చేయొద్దని పని చేసేవాళ్లకు గట్టిగా చెప్పండి. క్లచ్ మెత్తగా పట్టేది వాటి వల్లే. పాత లైనింగ్ రివెట్లతో ఉంటే కొత్తది కూడా రివెట్లతోనే వేయించడం మంచిది. రివెట్ తల లైనింగ్ ఉపరితలం కన్నా బాగా లోపలికి ఉండాలి. వాడుతున్న ప్లేటులో ఆ లోతు 0.3 మిల్లీమీటర్లకు తగ్గితే దాని పని అయిపోయినట్టే.

ఎలాగూ మారుస్తున్నాను కదా, ఇంకా గట్టి క్లచ్ వేయనా? సిరామిక్ లైనింగ్ మంచిదంటున్నారు.

రోడ్డు మీద తిరిగే పాత కారుకు వద్దు. క్లచ్ ఎంత టార్క్ (తిప్పే బలం) మోయగలదన్నది నాలుగింటి మీద ఆధారపడుతుంది: లైనింగ్ ఘర్షణ గుణకం, స్ప్రింగుల నొక్కుడు, ప్లేటు సగటు వ్యాసార్థం, రాసుకునే ముఖాల సంఖ్య. ఇంజను మార్చకపోతే అసలు క్లచ్ లెక్క ఇప్పటికీ సరైనదే. జారుతోందంటే ఆ నాలుగింటిలో ఏదో పడిపోయింది, దాన్ని తిరిగి నిలబెట్టాలి.

నొక్కుడు పెంచితే పెడల్ బరువెక్కుతుంది. ఆ బరువు తొక్కిన ప్రతిసారీ క్రాంక్ థ్రస్ట్ బేరింగ్ మీద పడుతుంది. ఇక సిరామిక్ మెత్తగా పట్టదు, ఒక్కసారిగా కరుస్తుంది. ఇంట్లో కరెంటు ఫ్యూజు లాగా, పాత కారులో క్లచ్ కొంచెం జారి మిగతా వాటిని కాపాడుతుంది. అది జారకపోతే ఆ దెబ్బ గేరు పళ్లకో, వెనక యాక్సిల్ షాఫ్ట్‌కో తగులుతుంది. ప్లేటుకు లైనింగ్ వేయించవచ్చు, విరిగిన గేరును ఎక్కడని వెతుకుతారు?

కాయిల్ స్ప్రింగుల కవరు తీసేసి డయాఫ్రమ్ వేయొచ్చా?

మీ ఫ్లైవీలుకు సరిపోయే డయాఫ్రమ్ కవరు ఉంటే వేయొచ్చు, లాభం కూడా ఉంది. లైనింగ్ అరిగేకొద్దీ కాయిల్ స్ప్రింగులు సాగి నొక్కుడు తగ్గుతూ పోతుంది. డయాఫ్రమ్‌లో అరుగుదల మొదలయ్యాక నొక్కుడు కొంతవరకు పెరిగి, ఆ తర్వాతే తగ్గుతుంది. పెడల్ కూడా తేలిక. కానీ రిలీజ్ బేరింగ్ తాకే చోటు ఎత్తు, వ్యాసం రెండూ మారతాయి. బేరింగ్, ఫోర్కు వాటికి తగ్గట్టు లేకపోతే ఫ్రీ ప్లే కుదరదు. కారును పుట్టినట్టే ఉంచాలనుకునేవాళ్లు కాయిల్ స్ప్రింగులే కొత్తవి వేయించుకోవచ్చు, సెట్ మొత్తం ఒకేసారి.

కార్బన్ రిలీజ్ బేరింగ్ తీసేసి బాల్ బేరింగ్ వేయడం మేలేనా?

మోరిస్ మైనర్, ఎంజీబీ లాంటి బ్రిటిష్ కార్లలో రిలీజ్ బేరింగ్ అంటే ఒక నల్లటి కార్బన్ రింగు. అది పెడల్ తొక్కినప్పుడు మాత్రమే రాసుకుంటుంది. పెడల్ మీద కాలు పెట్టుకుని నడిపే అలవాటు లేనివాళ్లకు ప్లేటు ఉన్నంతకాలం వస్తుంది. ఫోర్కు చాపంలా తిరుగుతుంది కాబట్టి బేరింగ్ తొక్కేకొద్దీ కొంచెం పక్కకు జరుగుతుంది. కార్బన్ రింగు దానికి అభ్యంతరం లేకుండా జారుతుంది, కేంద్రం తప్పితే బాల్ బేరింగ్ మాత్రం ఇబ్బంది పడుతుంది. నా ఓటు కార్బన్‌కే. రింగు అరిగి లోహపు కప్పు బయటపడేదాకా ఆగకూడదు, అంతే.

## విప్పేటప్పుడు

గేర్‌బాక్స్ దింపాలా, ఇంజను దింపాలా?

కారును బట్టి ఉంటుంది. ఎంజీబీలో ఇంజను బయటికి రావాలి. వోక్స్‌వాగన్ బీటిల్‌లో కూడా ఇంజనే దిగుతుంది, అదృష్టవశాత్తు అది తేలిక. టార్క్ ట్యూబు (ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కప్పి వెనక యాక్సిల్‌కు బిగించి ఉండే గొట్టం) ఉన్న ఫోర్డ్ మోడల్ ఏ లాంటి కార్లలో గేర్‌బాక్స్ వెనక్కి జరగాలంటే ముందు వెనక యాక్సిల్‌ను వెనక్కి జరపాలి. పాత మినీలో మాత్రం ఇంజను కారులో ఉండగానే క్లచ్ మార్చవచ్చు.

ఏ దారైనా జాకీ మీద భారం వేసి కింద దూరకండి, గట్టి స్టాండ్లు ఉండాల్సిందే. క్లచ్ కవరు విప్పేముందు కవరుకూ ఫ్లైవీలుకూ కలిపి ఒక గుర్తు గీయండి. రెంటినీ కలిపి బ్యాలెన్స్ చేసి ఉండొచ్చు.

లోపలంతా నల్లటి దుమ్ము. గాలి కొట్టి శుభ్రం చేయొచ్చా?

ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తర్వాత కూడా క్యాన్సర్ రావచ్చు. బ్రిటన్ 1999లో, యూరోపియన్ యూనియన్ 2005లో పూర్తిగా నిషేధించాయి గానీ అంతకుముందు బిగించిన ప్లేట్లు కార్లలో అలాగే ఉన్నాయి. అల్మరాల్లో దాచిన, వాడని పాత స్టాకు ప్లేట్లు కూడా అంతే ప్రమాదం. కొత్తగా మెరుస్తున్నాయని నమ్మకండి.

గాలి గొట్టం, చీపురు, ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ దగ్గరికి రానివ్వొద్దు. నీళ్లలో కొంచెం సబ్బు ద్రావణం కలిపి సన్నగా చల్లి, దుమ్ము తడిసి ముద్దయ్యాక తడి గుడ్డతో తుడవండి. ఆ గుడ్డలు, పాత ప్లేటు రెండు కవర్లలో మూటకట్టి ప్రమాదకర వ్యర్థాల కింద అప్పగించాలి. మామూలు బట్ట మాస్కు సరిపోదు, పీ3 లేదా పీ100 ఫిల్టరు ఉన్న మాస్కు వాడండి. పాత లైనింగ్‌ను గరుకు కాగితంతో రుద్దే ఆలోచన పూర్తిగా మానుకోండి.

ప్లేటు నూనెతో తడిసింది. పెట్రోలుతో కడిగి మళ్లీ వేయొచ్చా?

వద్దు. లైనింగ్ నూనెను లోపలికి పీల్చుకుంటుంది. పైపైన కడిగితే పొడిగా కనిపిస్తుంది కానీ వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ పైకి ఊరుతుంది. లైనింగ్ మార్చాల్సిందే.

ఇంతకూ ఆ నూనె ఎక్కడిది? వేలికి రాసుకుని చూడండి. ఇంజను నూనె సాధారణంగా పలుచగా, నల్లగా ఉంటుంది. గేరు నూనె చిక్కగా ఉండి ఘాటైన వాసన వేస్తుంది. పాత ఇంజన్లు చాలావాటిలో వెనక రబ్బరు సీలు ఉండదు. క్రాంక్ మీద చెక్కిన మరలాంటి గాడి నూనెను తిరిగి ఇంజనులోకి తోస్తుంది. ఇంజను బ్రీదర్ (లోపలి ఆవిర్లు బయటికి పోయే గొట్టం) మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆ గాడి ఎంత తోసినా నూనె బయటికొస్తుంది. అందుకే సీలు మార్పిడి గురించి ఆలోచించే ముందు బ్రీదర్ గొట్టం విప్పి శుభ్రం చేయండి. మోరిస్ మైనర్ లాంటి వాటిలో బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉంచే తొడుగు) అడుగున చిన్న రంధ్రం, అందులో వదులుగా వేలాడే ఒక స్ప్లిట్ పిన్ ఉంటాయి. కారు కదిలినప్పుడల్లా ఆ పిన్ ఊగి రంధ్రం మూసుకుపోకుండా చూస్తుంది. అనవసరమైనదని దాన్ని పీకేస్తే కారిన కాస్త నూనె లోపలే నిలిచి ప్లేటు మీదికి చిమ్ముతుంది.

ఫ్లైవీలును తప్పకుండా మెషీన్ పట్టించాలా?

నున్నగా, గీతలు లేకుండా ఉంటే అక్కర్లేదు, సన్నని ఎమరీ కాగితంతో మెరుపు చెరిపితే చాలు. నీలం మచ్చలు, గోటికి తగిలే పగుళ్లు, లోతైన గాళ్లు ఉంటే పట్టించాలి. వేడికి మాడి గట్టిపడిన చోట లేత్ పనిముట్టు తెగకుండా పైకి జారి చిన్న గుట్టలు మిగులుస్తుంది కాబట్టి గ్రైండింగ్ అడగండి. కవరు కూర్చునే అంచు వేరే ఎత్తులో ఉండే ఫ్లైవీలైతే, ముఖం నుంచి ఎంత తీశారో ఆ అంచు నుంచి కూడా అంతే తీయాలి. లేకపోతే స్ప్రింగుల నొక్కుడు తగ్గుతుంది.

బిగించాక డయల్ గేజితో ఊగు కొలవండి. తిప్పేటప్పుడు క్రాంక్‌ను ఒకే వైపుకు నొక్కి పట్టుకోవాలి, లేదంటే క్రాంక్ ముందువెనకల కదలిక కూడా ఊగుగా కనిపిస్తుంది. 0.08 మిల్లీమీటర్లు దాటకపోతే మంచిది.

క్రాంక్ చివర బుష్ పట్టుకోవడానికి చోటే లేదు. ఎలా తీయాలి?

బుష్ రంధ్రం నిండా గ్రీజు కూరండి. అందులో సరిగ్గా పట్టే గుండ్రటి కడ్డీ పెట్టి సుత్తితో కొట్టండి. గ్రీజుకు పోయే దారి ఉండదు కాబట్టి బుష్ వెనక చేరి దాన్ని బయటికి నెడుతుంది. గ్రీజు తగ్గితే మళ్లీ నింపి కొట్టాలి. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి, చిమ్ముతుంది.

కొత్తది పొడి లోహం నొక్కి చేసిన కంచు బుష్ అయితే దానికి నూనె తాగించాలి. ఒక కొస బొటనవేలితో మూసి, నిండా ఇంజను నూనె పోసి, రెండో వేలితో పైనుంచి గట్టిగా నొక్కండి. కాసేపటికి బయటి గోడ మీద చెమట పట్టినట్టు సన్నని నూనె చుక్కలు తేలతాయి. అప్పుడు అది సిద్ధం.

కోన్ క్లచ్ తోలు గట్టిపడింది. మార్చాలా?

పగిలినా, రివెట్లదాకా అరిగినా మార్చాలి. ఊరికే ఎండి గట్టిపడితే శుభ్రం చేసి నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల నుంచి తీసే, తోలుకు పట్టించే నూనె) గానీ ఆముదం గానీ పలుచగా పట్టించి, పీల్చుకునేదాకా ఒకటి రెండు రోజులు వదలండి. గట్టి తోలు ఒక్కసారిగా కరిచి కారును గెంతిస్తుంది, మరీ నూనెపట్టిన తోలు జారుతుంది. జారేదానికి ఫుల్లర్స్ ఎర్త్ (ముల్తానీ మట్టి) పొడి చల్లడం పాతకాలం నుంచి ఉన్న మందు.

కొత్త తోలు వేసేటప్పుడు మందం అంతటా ఒకేలా ఉండాలి. కోన్ వాలు సాధారణంగా 12½ డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ వాలు వల్ల స్ప్రింగు తోసే బలం ముఖం మీద సుమారు నాలుగున్నర రెట్లవుతుంది, అందుకే చిన్న ఎత్తుపల్లాలు కూడా పెద్ద తేడా చూపిస్తాయి. తోలు కింద చిన్న స్ప్రింగులుంటే అవి స్వేచ్ఛగా కదులుతున్నాయో లేదో చూడండి, మెత్తగా పట్టించేవి అవే.

## బిగించేటప్పుడు

ప్లేటు ఏ వైపు తిప్పి వేయాలి?

ప్లేటు మీద ఫ్లైవీలు వైపు అని ముద్ర ఉంటే దాన్నే పాటించండి. లేకపోతే సాధారణంగా హబ్ పొడవు భాగం గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అనుమానం తీరాలంటే కవరు వేయకముందే ప్లేటును ఫ్లైవీలుకు ఆనించి చేత్తో తిప్పండి, ఏ బోల్టుకూ తగలకూడదు.

గేర్‌బాక్స్ చివరి అంగుళం లోపలికి వెళ్లడం లేదు. బోల్టులతో లాగేయనా?

ఆగండి. షాఫ్ట్ కొస పైలట్ బుష్‌లో పడటం లేదన్నమాట. బోల్టులతో లాగితే బుష్ నలుగుతుంది, బెల్ హౌసింగ్ చెవి విరుగుతుంది. ప్లేటు సరిగ్గా మధ్యలో ఉందో లేదో మళ్లీ చూడండి. పాత ఇన్‌పుట్ షాఫ్ట్ ఒకటి దొరికితే దానికన్నా మంచి పనిముట్టు లేదు, లేకపోతే చెక్క కడ్డీకి టేపు చుట్టి చేసుకోవచ్చు. మధ్యలోనే ఉంటే గేర్‌బాక్స్‌ను గేరులో పెట్టి వెనక కొసను కొంచెం కొంచెం తిప్పండి, స్ప్లైన్లు దారి చూసుకుంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం, ఒక్క క్షణం కూడా గేర్‌బాక్స్ బరువు ప్లేటు హబ్ మీద వేలాడకూడదు. కొత్త ప్లేటు వంగేది అక్కడే. తర్వాత క్లచ్ ఎంత తొక్కినా వదలదు, మీరు హైడ్రాలిక్స్‌ను అనుమానిస్తూ తిరుగుతారు. తల కోసేసిన రెండు పొడవాటి బోల్టుల్ని పైన రెండు రంధ్రాల్లో బిగిస్తే గేర్‌బాక్స్ వాటి మీద జారుతూ వస్తుంది.

కవరు బోల్టులు ఎలా బిగించాలి? గ్రీజు ఎంత రాయాలి?

ఎదురెదురు బోల్టుల్ని ఒక్కోసారి అర చుట్టు చొప్పున బిగించండి. ఒక వైపు ముందే బిగిస్తే కవరు వంకర పోతుంది. విప్పేటప్పుడూ ఇదే పద్ధతి. స్ప్లైన్ల మీద మాలిబ్డినమ్ గ్రీజు పలుచగా రాసి, ప్లేటును ఒకసారి తొడిగి తీసి, బయటికొచ్చింది తుడిచేయాలి. మిగిలిన గ్రీజు తిరిగేటప్పుడు లైనింగ్ మీదికే చిమ్ముతుంది. కొత్త భాగాల మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను కూడా బ్రేక్ క్లీనర్‌తో తుడవడం మరచిపోకండి.

లివర్లు ఉన్న కవరైతే మూడింటి ఎత్తు ఫ్లైవీలు ముఖం నుంచి కొలిచి సమానం చేయాలి. గేర్‌బాక్స్ ఎక్కించాక ఈ పని చేయలేరు.

## సర్దుబాటు, వాడకం

పెడల్‌కు ఫ్రీ ప్లే ఎంత ఉండాలి?

రాడ్డు లేదా కేబుల్ లింకేజి ఉన్న కార్లలో ఎక్కువగా 20-25 మిల్లీమీటర్లు, మీ మాన్యువల్ వేరే చెప్తే అదే ప్రమాణం. చేత్తో నొక్కి చూడాలి, కాలికి సరిగ్గా తెలియదు. లైనింగ్ అరిగేకొద్దీ లివర్లు బేరింగ్ వైపు వస్తాయి కాబట్టి ఫ్రీ ప్లే తగ్గుతూ ఉంటుంది. హైడ్రాలిక్ క్లచ్ చాలావాటిలో ఈ తేడాను స్లేవ్ సిలిండర్ (ఫోర్కును నెట్టే సిలిండర్) తానే సర్దుకుంటుంది.

క్లచ్‌కు ఏ ఫ్లూయిడ్ పోయాలి?

తయారీదారు చెప్పినదే. మామూలు రబ్బరు కప్పులున్న పాత వ్యవస్థల్లో సాధారణంగా డాట్ 3 లేదా డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ నడుస్తుంది. ఇది గాలిలోని తేమను పీలుస్తుంది, పెయింటును తినేస్తుంది. రెండేళ్లకోసారి మార్చండి, ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి. డాట్ 5 అంటే సిలికాన్, దాన్ని మిగతావాటితో కలపకూడదు. డాట్ 5.1 పేరు దగ్గరగా ఉన్నా అది సిలికాన్ కాదు, డాట్ 4 జాతిదే. ఇంజను నూనె ఒక్క చుక్క పడినా రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి.

కొత్త క్లచ్‌ను మొదట్లో ఎలా నడపాలి?

మొదటి 500-800 కిలోమీటర్లు మామూలుగా, తరచూ ఆగి కదిలే దారుల్లో నడపండి. లైనింగ్, లోహం ఒకదానికొకటి కుదురుకునేది అప్పుడే. బరువు లాగడం, ఎత్తు మీద క్లచ్‌తో కారును నిలబెట్టడం వద్దు.

దారిలో క్లచ్ పెడల్ కుప్పకూలింది. కారును ఇంటికి తేవచ్చా?

రద్దీ లేకపోతే, దూరం తక్కువైతే తేవచ్చు. ఇంజను ఆపి మొదటి గేరు వేసి, ముందు ఖాళీగా ఉందని చూసుకుని స్టార్టర్ కొట్టండి, కారు కదులుతూనే ఇంజను అందుకుంటుంది. తర్వాతి గేరుకు మారాలంటే యాక్సిలరేటర్ వదిలి, న్యూట్రల్‌కు తెచ్చి, ఇంజను వేగం పడిపోయేదాకా ఆగి మెత్తగా నెట్టాలి. సరైన వేగం దగ్గర దానంతటదే జారుతుంది. బలవంతం చేస్తే పళ్లు పోతాయి. ఆగాల్సి వస్తే న్యూట్రల్ చేసి ఆగండి. ట్రాఫిక్ ఉంటే మాత్రం ఈ ప్రయోగం వద్దు, బండి పిలిపించి ఎక్కించడమే మేలు.

కారును నెలల తరబడి నిలబెడుతున్నాను. పెడల్‌ను చెక్కతో నొక్కి ఉంచాలా?

తేమ ఎక్కువగా ఉండే చోట, రాడ్డు లింకేజి ఉన్న కారైతే ఉంచవచ్చు, ప్లేటు అతుక్కోదు. హైడ్రాలిక్ క్లచ్‌కు నేను సూచించను, నెలల తరబడి ఒత్తిడిలో ఉంటే పాత రబ్బరు కప్పులు ఎక్కడో ఒకచోట కారడం మొదలుపెడతాయి. రెండు మూడు వారాలకోసారి ఇంజను వేడెక్కేదాకా నడిపి, పెడల్‌ను పదిసార్లు పూర్తిగా తొక్కి వదిలి, వీలైతే కారును కొన్ని గజాలు ముందుకు వెనక్కు నడపండి. నిలబెట్టే ముందు రోజు వానలో తడిపి గానీ కడిగి గానీ అలాగే వదిలేయకండి. ఒకసారి బాగా నడిపి, బెల్ హౌసింగ్ వేడికి లోపలి తడి ఆరాక షెడ్డులో పెట్టండి.